గోడవతలి బల్లలు

టీ కొట్లలో కాగితం కప్పులు చిన్నవైపోతున్నాయన్న సంగతి ఎవరూ ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. పెట్రోలు ధర పెరిగితే పేపర్లో వేస్తారు. కప్పు మాత్రం ఏటా కాస్త కాస్త కుంచించుకుపోయి, ఈ మధ్య మా అత్తయ్య కంట్లో వేసుకునే చుక్కల మందు సీసా మూతకి పోటీగా తయారైంది. తాగుతున్నది టీయా కాఫీయా అని నాలుక తేల్చుకునేలోపు అయిపోతుంది. ఈ విషయంలో నా మాటకి కొంత విలువ ఇవ్వాలి. పోయిన వేసవంతా నేను పాత కలప అమ్మే అడితీల్లో కూర్చుని ఇలాంటి కప్పులతోనే తాగాను. పాత కలప బేరం టీ లేకుండా మొదలవదు. టీ అయ్యేలోపు తేలదు కూడా. కప్పు అంత చిన్నది.

నాకు కావలసినవి కొన్ని టేకు బల్లలు. రావులపాలెం నుంచి ఆటోలో వచ్చేంత దూరంలో ఉన్న మా ఇంటికి పైన ఒక మేడ గది ఉంది. దాని నేల చెక్కది. అడ్డంగా దూలాలు, వాటి మీద పొడుగునా పరిచిన బల్లలు. మా తాతయ్య వేయించాడు. మన్యంలో నరికి, తెప్పలు కట్టి, గోదావరిలో వదిలి, రాజమండ్రిలో ఒడ్డుకి లాగిన కలప అని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా ఊళ్ళో పాత ఇల్లున్న ప్రతివాళ్ళూ ఇదే చెప్పుకుంటారు కాబట్టి నిజమే అయి ఉండాలి.

ఆ గది ఒకప్పుడు ఇప్పటికి రెట్టింపు ఉండేది. నేను కాలేజీలో చేరిన కొత్తలో మా నాన్నా, బాబాయీ ఇల్లు పంచుకున్నారు. పెద్దమనుషులు వచ్చి మేడ మీద సరిగ్గా మధ్యకి కొలిపించారు. తాడుకి సున్నం రాసి, నాన్న ఒక కొసా బాబాయి ఒక కొసా పట్టుకుని బిగలాగి, నేల మీద గీత కొట్టారు. ఆ గీత వెంబడి ప్రతి బల్లనీ రంపంతో కోయించారు. కింది నుంచి గోడ లేపుకుంటూ వచ్చి గదిని రెండు చేశారు. అంత న్యాయంగా జరిగిన పంపకం ఈ చుట్టుపక్కల లేదని చాలాకాలం చెప్పుకున్నారు. దూలం ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడలేదు. గీత దూలం మీద పడలేదు. మావైపు చివరి దూలం దాటాక గోడ దాకా, ఓ మంచం వెడల్పు నేల, గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. బల్లల కొసలు గోడని ఆనుకున్నాయి తప్ప గోడ వాటిని మోయలేదు. న్యాయం గీతకి జరిగింది. నేలకి జరగలేదు.

గీత కొట్టిన రోజున ఆ గదిలో మా అత్తయ్య మంచం కూడా ఉంది. నాన్నకి చెల్లెలు, బాబాయికి అక్క. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అనేది. ఆవిడ మంచం గీతకి ఇటువైపు, మావైపు ఉంది. గోడ లేచాక మంచమూ మావైపే ఉండిపోయింది, ఆవిడా ఉండిపోయింది. పొలాల దగ్గరా, కొబ్బరి తోట దగ్గరా రాని పేచీ అక్కడ వచ్చింది. అక్క అన్నయ్యనే కావాలనుకుందని బాబాయి తీర్మానించుకున్నాడు. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

మాట్లాడుకోకపోవడం అంటే మా ప్రాంతంలో అది కూడా మర్యాదగానే ఉంటుంది. బాబాయి మోటారు ఆపడం మర్చిపోతే మేము వీధిలోకి వచ్చి గేదెతో చెప్పేవాళ్ళం, "ఎవరిదో మోటారు తిరుగుతోందమ్మా" అని. మా గోడ మీద బట్టలు వానకి తడుస్తుంటే ఆయన కొబ్బరిచెట్టుకి చెప్పేవాడు. నాన్న పోయినప్పుడు బాబాయి పాడె మోశాడు, శ్మశానం దాకా వచ్చాడు, చెయ్యవలసినవన్నీ చేశాడు. తిరిగొచ్చి వీధి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

అత్తయ్యకి నీటికాసులు వచ్చి చూపు క్రమంగా పోయింది. పోయాక కూడా మేడ గది వదల్లేదు. కింద గదిలో ఉండమని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా "నాకు దారి తెలుసమ్మా, మీరే తడుముకుంటూ తిరుగుతారు" అనేది. కరెంటు పోయినప్పుడు ఆ మాట అక్షరాలా నిజం. ఏ బల్ల ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ కిర్రుమంటుందో, ఎక్కడ ముడి కాలికి తగులుతుందో ఆవిడ పాదాలకి తెలుసు. రోజూ సాయంత్రం గదికి ఆ చివర నుంచి ఈ చివరకి, గోడ దాకా నడిచి, గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నుంచునేది. వ్యాయామం అనుకునేవాళ్ళం. అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే, "తమ్ముడికి దగ్గు తగ్గలేదు" అనేది. ఇంకో రోజు, "ఇవాళ వార్తలు పెట్టలేదు. ఊరెళ్ళినట్టున్నాడు." అప్పుడు తెలిసింది, గోడవతల బాబాయి టీవీ ముందు కూర్చునే చోటు అదేనని.

గోడకీ నేలకీ మధ్య సందులోంచి వాన చెమ్మ ఏళ్ళ తరబడి దిగి, వేలాడుతున్న బల్లల కొసల్ని లోపల్లోపల తినేసింది. పోయిన మాఘంలో ఒక సాయంత్రం ఆవిడ గోడ దగ్గరకి వెళ్తుండగా ఒక బల్ల విరిగి మోకాలి దాకా కాలు దిగబడిపోయింది. నేను కింద పేపరు చదువుకుంటున్నాను. తలెత్తి చూస్తే కప్పులోంచి మా అత్తయ్య పాదం కనిపించింది. అరవలేదు. "ఎవరైనా కింద ఉంటే నా కాలు పైకి తొయ్యండిరా" అంది.

ఎముక విరగలేదు. చర్మం లేచింది, మానింది. కానీ ఆవిడ మళ్ళీ మెట్లెక్కలేదు. కింద గదిలో మంచం వేస్తే దాని మీద గోడ వైపు తిరిగి పడుకునేది. నడవకపోతే కాళ్ళు బిగుసుకుపోతాయనీ, ఈ వయసులో బిగుసుకుంటే మళ్ళీ రావనీ డాక్టరు చెప్పాడు. చెయ్యి పట్టుకుని నడిపిస్తామంటే సిమెంటు నేల మీద రెండడుగులు వేసి ఆగిపోయేది. "ఇక్కడేం తెలియట్లేదురా" అనేది. అన్నం తగ్గింది. మాట తగ్గింది. తమ్ముడి దగ్గు సంగతి చెప్పడం పూర్తిగా పోయింది. ఆవిడ మళ్ళీ పైకెక్కి ఆ గోడ దాకా నడవకపోతే ఇంక నడవదని నాకూ మా ఆవిడకీ అర్థమైంది.

ముందు అందరూ చేసేదే చేశాం. వడ్రంగి మేస్త్రిని పిలిచాం. అతను చూసి, "ప్లైవుడ్ కొట్టేద్దామండి. పైన మ్యాట్ పరిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. కొట్టేశాడు. అత్తయ్యని ఇద్దరం పట్టుకుని పైకి తీసుకెళ్ళాం. మెట్ల దగ్గర చేతులు వదిలించుకుని తనే బయల్దేరింది. పాత బల్లల మీద గబగబా నడిచింది. ప్లైవుడ్ అంచు దగ్గర బొటనవేలు ఆగిపోయింది. అటూ ఇటూ తడిమింది.

"ఇక్కడితో మన ఇల్లు అయిపోయిందా?" అంది.

"లేదు పిన్నిగారూ, కొత్త చెక్కండి. గట్టిగా ఉంది, రండి" అంది మా ఆవిడ.

"గట్టిగా ఉంటే మీరు నడవండమ్మా" అని వెనక్కి తిరిగింది.

అలా నేను పాత కలప వేటలో పడ్డాను. కొత్త టేకు పనికిరాదు. అంత మందం ఇప్పుడు కోయరు, కోసినా పాత దాని పక్కన పెడితే కొత్తల్లుడిలా బిగుసుకుని ఉంటుంది. పడగొట్టిన ఇళ్ళ సామాను అమ్మే అడితీలు ఉన్నాయి కదా అని రాజమండ్రితో మొదలుపెట్టాను. గుమ్మాలూ, స్తంభాలూ, తలుపులూ గోడలకి చేరేసి ఉంటాయి. ఇల్లంతా ఉంటుంది, ఇల్లు తప్ప. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణని తెలియగానే అడితి వాళ్ళు కలప గురించి నాకు ఫిజిక్సే చెప్పేవాళ్ళు.

అత్తయ్య నాకు ఒక్కటే షరతు పెట్టింది. "ఏ ఇంటిదో కనుక్కుని తీసుకురా. ఏడ్చిన ఇంటి చెక్క మీద నేను కాలు పెట్టను." కాబట్టి ప్రతి చోటా అడిగేవాణ్ణి. ప్రతి చోటా ఒకటే జవాబు.

"పచ్చగా ఉన్న ఇల్లండి. పిల్లలు బాగా ఎదిగి పెద్ద బిల్డింగు కట్టుకుంటన్నారు, అందుకని పడగొట్టేరు."

"అందరూ బాగానే ఉన్నారా అండి?"

"మా బాగున్నారండి. టీ తాగండి."

ఆ లెక్కన మా జిల్లాల్లో దరిద్రం వల్లగానీ తగాదాల వల్లగానీ కూలిన ఇల్లు ఒక్కటీ లేదు.

నచ్చిన చోట ఒక ముక్క నమూనాకి అడిగి తెచ్చేవాణ్ణి. ఆటోలో ఒళ్ళో చెక్క పెట్టుకుని వస్తుంటే పక్కన అరటి గెలలతో కూర్చున్నవాళ్ళు, "ఏంటండి మేస్టారూ, కేరమ్ బోర్డా?" అనేవాళ్ళు. ఇంటికొచ్చి వరండాలో ఆ ముక్క నేల మీద పెడితే, అత్తయ్య కుర్చీలో కూర్చుని దాని మీద పాదం పెట్టేది. కళ్ళు మూసుకునేది. కళ్ళు కనిపించని మనిషి కళ్ళు మూసుకోవడం మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. తరవాత రాలేదు.

పెద్దాపురం నుంచి తెచ్చిన దాని మీద పాదం పెట్టి, "దీన్ని ఎవరూ తొక్కలేదు. ఇది తలుపురా" అంది. నిజమే కావచ్చు, పక్కన బందు మేకుల గుంటలున్నాయి. తణుకు నుంచి తెచ్చింది ఏదో పాత మిల్లు అటక మీదిదట. "తవుడు వాసన. నేను గేదెనా?" అంది. రాజమండ్రిలో దొరికిన ఒకటి నాకు చాలా నచ్చింది. రంగూ మందమూ గీతలూ అచ్చం మా బల్లల్లాగే ఉన్నాయి. దాని మీద చాలాసేపు పాదం ఉంచింది.

"మంచి చెక్క," అంది. "కానీ నేనెరగను దీన్ని."

మా ఆవిడ వంటింట్లోంచి, "టైల్స్ వేయిద్దామండి, మార్బుల్ అయినా సరే," అంటూ వచ్చింది గానీ, అత్తయ్య మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు అత్తయ్య అన్నం వద్దంది. మజ్జిగ మాత్రం తాగి పడుకుంది. మెట్ల దాకా కూడా నడవలేదు.

మర్నాడు మేస్త్రి ప్లైవుడ్ పీకడానికి వచ్చాడు. అతని పక్కన కూర్చుని ఏం చెయ్యాలో తోచక, "అసలు ఈ బల్లలకి రెండో సగం ఉండేది కదయ్యా. బాబాయిగారు స్లాబు వేయించినప్పుడు తీసిపారేశారు. ఎవరు కొనుక్కున్నారో," అన్నాను.

"ఎవరూ కొనలేదండి. ఆయన కొబ్బరికాయల కొట్లో పైన వాసాల మీద పెట్టించేరు. నేనే ఎక్కించేను."

"నేను వేసవంతా తిరుగుతున్నాను కదా. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా."

"చూస్తన్నానండి."

"మరి చెప్పొచ్చు కదా?"

మేస్త్రి మేకు పీకడం ఆపలేదు. "ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లో ఎలా చెప్తానండి? ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో ఎలా చెప్తాను? మీకేం, గోడ ఉంది. నేను రెండిళ్ళలోనూ పని చేసుకోవాలి."

అతని తప్పు లేదు. మా గోడకి రెండువైపులా మసలే వాళ్ళందరూ అలాగే బతుకుతున్నారు. మేము అలవాటు చేశాం.

ఆ మధ్యాహ్నమే మేస్త్రిని వెంటబెట్టుకుని కొబ్బరి కొట్టుకి వెళ్ళాను. బాబాయి మడత కుర్చీలో కూర్చుని కాయలు వలిపిస్తున్నాడు. నన్ను చూసి కాయల కేసి తిరిగాడు. మేస్త్రి అలవాటు ప్రకారం ఇద్దరి మధ్యకీ వచ్చి నుంచున్నాడు.

"మేడ మీద బల్లలు పాడయ్యాయని చెప్పు మేస్త్రీ," అన్నాను.

"పాడయ్యేయంటండి."

"నా చెవులు బానే పనిచేస్తున్నాయని చెప్పు," అన్నాడు బాబాయి.

"బానే పనిచేస్తన్నాయంటండి."

"ఆటోలో చెక్కలేసుకుని ఊళ్ళన్నీ తిరిగినవాళ్ళకి ఎక్కడా దొరకలేదా అని అడుగు."

"దొరికాయి, సరిపడలేదని చెప్పు."

"సరిపడకపోతే సిమెంటు చేయించుకోమను. పైన ఎవరుంటున్నారని, బల్లలు లేకపోతే కొంపలంటుకుపోవడానికి?"

మేస్త్రి నావైపు తిరిగాడు. నేను అతన్ని దాటి చూశాను.

"అత్తయ్య ఉండేది బాబాయ్. రోజూ సాయంత్రం ఆ గోడ దాకా నడిచేది. మీ దగ్గు వినడానికి. తగ్గిందో లేదో రాత్రి అన్నాల దగ్గర మాకు చెప్పేది. ఆ గోడ దగ్గరే బల్ల విరిగి కాలు దిగబడింది. ఇప్పుడు మంచం దిగట్లేదు."

మేస్త్రి ఇద్దరి మధ్య నుంచి పక్కకి జరిగాడు. బాబాయి పంచె అంచు సర్దుకున్నాడు. చాలాసేపు అదే సర్దుకున్నాడు.

"ఏ వేళప్పుడు?" అన్నాడు. మేస్త్రితో కాదు.

"మీరు వార్తలు పెట్టుకునే వేళకి."

ఆయన తలెత్తి వాసాల మీద దుమ్ము పట్టి ఉన్న బల్లల్ని చూశాడు. కలప వ్యాపారులు వచ్చి అడిగినా ఇవ్వలేదని తరవాత తెలిసింది. ఎందుకు ఇవ్వలేదో ఎవరికీ చెప్పలేదు. మేస్త్రితో అన్నాడు, "నిచ్చెన తీసుకురా."

మొదటి బల్ల దింపి మా వరండాలో పెట్టాం. నేను ఏమీ చెప్పలేదు. అత్తయ్య పాదం పెట్టింది. తీసింది. రెండో పాదం కూడా పెట్టింది. వంగి చేత్తో తడిమింది. దుమ్ము అంటుకున్న వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మనది," అంది. "ఎక్కడిదిరా?"

"గోడవతలిది."

"దొంగతనం చెయ్యలేదు కదా?"

"లేదత్తయ్యా. ఇచ్చారు."

"ఏమన్నాడు?"

"నిచ్చెన తెమ్మన్నారు."

ఆవిడ తల ఊపింది. ఆ పూట అన్నం తింది.

పని మొదలైంది. కుళ్ళిన కొసల్ని చివరి దూలం దాకా కోసేసి, గోడ వెంబడి కొత్తగా ఒక దూలం దింపి, దాని మీద బాబాయి బల్లల ముక్కలు వేశారు. పెద్దమనుషులు మర్చిపోయిన దూలం అన్నమాట, కాస్త ఆలస్యంగా వచ్చింది. ఒకే చెట్టువి కదా, ఏ బల్లకి ఏది జతో చూసుకుని వేస్తే అతుకు కూడా తెలియదనుకున్నాను. అలా జరగలేదు. మావైపువి ఏళ్ళ తరబడి తొక్కీ తుడిచీ నల్లగా నున్నగా అయిపోయాయి. ఆయనవి పొగా దుమ్మూ పట్టి బూడిదరంగుకి తిరిగాయి. చిత్రిక పడితే లోపల ఇంకో రంగు. గీతలు మాత్రం ఇటు నుంచి అటు వెళ్తాయి. అదీ పూర్తిగా కాదు. మధ్యలో కుళ్ళిపోయిన భాగం పోయింది కాబట్టి, ఒక చోట ఆగిన గీత పక్క బల్లలో కొంచెం పక్కకి జరిగి మొదలవుతుంది. చూసేవాళ్ళకి బాగుందని చెప్పలేను. చూసేవాళ్ళ కోసం వేయించలేదు.

ఆఖరి మేకు దిగిన సాయంత్రం బాబాయి వచ్చాడు. మేస్త్రి కలప పాడు చేస్తున్నాడేమో చూడాలని వచ్చానన్నాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగు పెట్టాడు. మా ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. తాగాడు. మెట్లు ఆగి ఆగి ఎక్కాడు. పైకొచ్చాక తన ఇంటి గోడని ఇటువైపు నుంచి చూశాడు. చూసి, కిటికీ దగ్గర నుంచున్నాడు.

అత్తయ్య మెట్ల పైన నా చెయ్యి వదిలేసింది. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు దువ్వించుకుని ఉంది. పాత బల్లల మీద మెల్లగా నడిచింది. మునుపటి వేగం లేదు. అతుకు దగ్గరకి వచ్చి ఆగింది. బొటనవేలితో తడిమింది. పాదం ఎత్తి అవతల పెట్టింది. తరవాత రెండోది. అలా నడిచి గోడ దాకా వెళ్ళి, అరచెయ్యి ఆనించి నుంచుంది.

గోడవతల ఏ చప్పుడూ లేదు. ఉండదు కదా, ఆ చప్పుడు చేసే మనిషి ఇటే ఉన్నాడు. కాసేపటికి ఆయనకి దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. అత్తయ్య చెయ్యి గోడ మీదే ఉంది. మొహం మాత్రం వెనక్కి తిప్పింది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సరిపోయాయా అక్కా?" అన్నాడు.

"బల్లలు బానే సరిపోయాయి," అంది అత్తయ్య. "ఆ రోజు తాడు నువ్వో కొసా, అన్నయ్యో కొసా పట్టుకున్నారు. నా మంచం ఎటుంటే నేనటన్నారు. నువ్వు ఎటుంటావే అని నన్ను ఒక్క వెధవా అడగలేదురా."